చర్మం కింది పోర్ట్ డయాలిసిస్‌లో ఎందుకు నిలబడలేదు?

అందరికీ నమస్కారం. డయాలిసిస్ అనగానే అందరి చూపూ మెషీన్ మీదికే పోతుంది. ఈ రోజు నేను ఆ మెషీన్‌కి రక్తం అందే దారి గురించి మాట్లాడతాను. చాలామంది రోగులకు అసలు టెన్షన్ అక్కడే.

హీమోడయాలిసిస్‌లో నిమిషానికి 300 నుంచి 400 మిల్లీలీటర్ల రక్తం బయటికొచ్చి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వెళ్లాలి. చేతి మీది మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. ధమని ఇస్తుంది, కానీ అది లోతుగా ఉంటుంది, వారానికి మూడుసార్లు గుచ్చితే తట్టుకోదు. అందుకే 1943లో డచ్ డాక్టర్ కోల్ఫ్ డయాలిసిస్ మెషీన్‌ను తయారుచేసినా, ఏళ్ల తరబడి డయాలిసిస్ చేయడం సాధ్యపడలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ స్క్రిబ్నర్ బృందం ధమనినీ సిరనూ టెఫ్లాన్ గొట్టాలతో చర్మం బయట కలిపింది. దాంతో మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ పదకొండేళ్లు బతికారు. 1966లో బ్రెస్కియా, సిమినో బృందం రెండు రక్తనాళాలను చర్మం లోపలే కలిపే ఫిస్టులాను వివరించింది. ఈనాటికీ చాలామందికి మంచి దారి అదే.

ఫిస్టులా అందరికీ కుదరదు. కొందరికి సిరలు సన్నగా ఉంటాయి, కొందరికి గుండె బలహీనం. వాళ్లకు మెడ దగ్గర పెద్ద సిరలోకి క్యాథెటర్ అనే గొట్టం వేస్తారు. అది బయటికి వేలాడుతుంది, ఇన్ఫెక్షన్ భయం వెంటే ఉంటుంది. 2000 ప్రాంతంలో లైఫ్‌సైట్, డయాలాక్ అనే పరికరాలు వచ్చాయి. చిన్న లోహపు పోర్ట్‌ను చర్మం కింద అమర్చి, గొట్టాన్ని పెద్ద సిరలోకి పంపుతారు. సూది గుచ్చితే కవాటం తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. బయట ఏమీ కనపడదు. ఆలోచన నిజంగా అందమైనది. కానీ వారానికి మూడుసార్లు సూది వెళ్తున్నప్పుడు క్రిములకూ దారి దొరుకుతుంది. పోర్ట్ చుట్టూ చీము పడితే ఆపరేషన్ చేసి మొత్తం తీసేయాల్సి రావచ్చు. డయాలిసిస్‌లో అవి నిలదొక్కుకోలేకపోయాయి. ప్లాస్మా మార్పిడికి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చే చికిత్సకు, మాత్రం పోర్టులు వాడుతున్నారు. అక్కడ రక్తప్రవాహం తక్కువ చాలు, చికిత్సా సాధారణంగా అంత తరచుగా ఉండదు.

కాబట్టి మీ సిరలను కాపాడుకోండి. కిడ్నీ జబ్బు ముదురుతోందని తెలిసినప్పటి నుంచే, రక్తం తీయడానికి వీలైనంతవరకు అరచేతి వెనక సిర చూపించండి. ఫిస్టులా పక్వానికి రావడానికి, అంటే సూది గుచ్చేందుకు సిద్ధం కావడానికి, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ముందుగానే సర్జన్‌ని కలవండి. ఇప్పటికే ఫిస్టులా ఉన్నవాళ్లు రోజూ దాని మీద వేళ్లు ఆనించి రక్తప్రవాహపు అదురు తెలుస్తోందో లేదో చూసుకోండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి. అదురు ఆగితే మర్నాటి దాకా ఆగకుండా వెంటనే డయాలిసిస్ యూనిట్‌కి ఫోన్ చేయండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డను త్వరగా తొలగించగలిగితే ఆ ఫిస్టులా మళ్లీ పనిచేసే అవకాశం ఉంది.