లాస్ వేగస్ వెస్ట్‌సైడ్: ఆ ఫొటోల్లో ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

లాస్ వేగస్ అనగానే నియాన్ దీపాలు, ఫౌంటెన్లు, ఆకాశాన్నంటే హోటళ్లు గుర్తొస్తాయి. ఏడాదికి నాలుగు అంగుళాల వాన పడితే గొప్ప అనుకునే మొజావే ఎడారిలో, 1905 మే నెలలో రైలు కంపెనీ స్థలాలు వేలం వేస్తే పుట్టిన ఊరు ఇది. ఫొటోలకు ఈ ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. 1940ల చివర్లో, ఊరి ఫొటోలు తీసి దేశమంతటా పత్రికలకు పంపడానికే ఒక న్యూస్ బ్యూరో పెట్టారు. ఈత కొలను పక్కన నవ్వుతున్న అమ్మాయిలు, దూరాన అణుబాంబు పరీక్ష పొగను చూస్తున్న టూరిస్టులు ఆ ఫొటోల్లో ఉంటారు. ఆ హోటళ్లలో పక్కలు సర్దినవాళ్లు, గిన్నెలు కడిగినవాళ్లు, పెట్టెలు మోసినవాళ్లు కనిపించడం చాలా అరుదు. ఈరోజు నేను మాట్లాడేది వాళ్ల గురించి.

వాళ్లలో ఎక్కువమంది రైలు పట్టాలకు పడమటి వైపున్న వెస్ట్‌సైడ్‌ పేటలో ఉన్న నల్లజాతి కుటుంబాలవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దగ్గర్లో మెగ్నీషియం ఫ్యాక్టరీ పెడితే, లూసియానాలోని తలూలా నుంచి, ఆర్కన్సాలోని ఫోర్డైస్ నుంచి చుట్టాన్ని పట్టుకుని చుట్టం వచ్చి చేరారు. అంతకుముందు డౌన్‌టౌన్‌లో దుకాణాలున్న నల్లవాళ్లను కూడా, వెస్ట్‌సైడ్‌కి మారితే తప్ప లైసెన్సు ఇవ్వబోమని అటే తరిమారు. అక్కడ తారు రోడ్లు లేవు, మురుగు కాలవలు లేవు. ఎడారి ఎండలో గుడారాల్లో కాపురాలు చేశారు.

నాట్ కింగ్ కోల్ అంతటి నల్లజాతి గాయకుడు పెద్ద హోటల్లో పాడి చప్పట్లు కొట్టించుకున్నా, రాత్రికి ఆ హోటల్లో ఆయనకు గది ఇచ్చేవారు కాదు. అలాంటి కళాకారులు వెస్ట్‌సైడ్‌లో ఇళ్లలోనే బస చేసేవారు. ఎఫ్ వీధిలో వాళ్లు దిగిన హారిసన్ గెస్ట్ హౌస్ ఇప్పటికీ ఉంది.

1955 మే 24న అక్కడికి దగ్గర్లోనే మూలా రూజ్ హోటల్ తెరిచారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన కూర్చుని పాట వినగలిగిన మొదటి పెద్ద క్యాసినో అది. ఆరు నెలలు తిరక్కుండానే మూతపడింది. ఎందుకు మూతపడిందని అడిగితే ఒకరు అప్పులంటారు, ఒకరు స్ట్రిప్ అనే పెద్ద క్యాసినోల రోడ్డు మీది హోటళ్ల అసూయ అంటారు, ఇంకొకరు నడపడం చేతకాలేదంటారు. చూసినవాళ్ల నోటి మాటల్ని రికార్డు చేసి దాచే మౌఖిక చరిత్ర ఇలాంటి చోటే పనికొస్తుంది. ఏది నిజమో తేల్చే తొందరలో మిగతా మాటల్ని చెరిపేయకూడదు. ఎవరు ఏమని నమ్మారన్నది కూడా చరిత్రే. ఆ భవనం 2003లో కాలిపోయింది, మిగిలింది కూడా తర్వాత కూల్చేశారు. ఇప్పుడు మిగిలినవి ఫొటోలు, జ్ఞాపకాలు.

1960 మార్చి 26న ఆ మూసిన హోటల్లోనే ఒప్పందం కుదిరింది. పౌరహక్కుల సంఘం నాయకుడు, దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ ఊరేగింపు చేస్తామని హెచ్చరించడంతో హోటళ్లు దిగొచ్చి నల్లజాతి అతిథులను రానిచ్చాయి. పుస్తకాల్లో కథ తరచు ఇక్కడితో సుఖాంతం అవుతుంది. హోటళ్లలో పనిచేసినవాళ్లను అడిగితే ఇంకా ఉందంటారు. అతిథిగా లోపలికి వెళ్లడం వేరు, అదే చోట జనం కంటికి కనబడే ఉద్యోగం చేయడం వేరు. ఆ ఉద్యోగాల కోసం 1971లో కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది మార్చిలో రూబీ డంకన్ అనే తల్లి, పేద కుటుంబాలకిచ్చే ప్రభుత్వ సాయం కోత పెట్టినందుకు వేలమందితో స్ట్రిప్ మీద నడిచి సీజర్స్ ప్యాలెస్ క్యాసినోలోకి వెళ్లింది. ఇలాంటివి ఆ పేటవాళ్ల నోటే వినాలి.

వాళ్లలోంచే ఒకాయన కెమెరా పట్టుకున్నాడు. ఆయన పేరు క్లింటన్ రైట్. 1960ల్లో ఆయన తీసిన ఫొటోల్లో పెళ్లిళ్లు, చర్చిలు, పేట పిల్లలు, ఓటర్ల నమోదు ఉన్నాయి. వాటిలో ఎవరూ టూరిస్టుల కోసం నవ్వరు. తమను ఎరిగినవాడి ముందు నిలబడినట్టు నిలబడతారు. నా లెక్కలో ఆ ఊరి అసలు ఆల్బమ్ అదే. ఇప్పుడది నెవాడా విశ్వవిద్యాలయం, లాస్ వేగస్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అక్కడి మౌఖిక చరిత్ర కేంద్రాన్ని ఏళ్ల తరబడి నడిపిన క్లేటీ వైట్, హోటల్ పనివాళ్ల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా ఎందరి మాటలో రికార్డు చేయించారు.

పెద్దల మాటలు, ఫొటోలు ఇలా దాచే పని ఎలా చేయాలో కూడా చెప్తాను. పెద్దవాళ్లను "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "చెప్పడానికేముందమ్మా" అంటారు. పాత ఫొటో చేతిలో పెట్టి "ఈ పక్కనున్నది ఎవరు?" అనండి, మాట దానంతట అదే వస్తుంది. ఎయిర్ కూలర్ ఆపండి, ఆ చప్పుడు రికార్డింగులో గొంతును మింగేస్తుంది. వాళ్లు ఆగితే మీరూ ఆగండి. వాళ్ల యాస దిద్దకండి. సంతకంతో అనుమతి తీసుకోండి, చెప్పకూడదనుకున్నది చెప్పకుండా ఉండే హక్కు వాళ్లదే. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, మెత్తటి పెన్సిల్ వాడండి. ఎడారి పొడిగాలికి పాత ఫొటోలు చుట్టుకుపోయి పెళుసెక్కుతాయి. వేసవిలో గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది, వాటిని అక్కడ అసలు ఉంచొద్దు.

ఇదంతా తెలుగువాళ్లకెందుకని ఎవరైనా అడగొచ్చు. మనలాంటివాళ్లకు అమెరికా తలుపు తెరిచిన 1965 వలస చట్టం, ఆ పౌరహక్కుల పోరాటం నడుస్తున్న కాలంలోనే, దాని ఊపుతోనే వచ్చింది. ఆ రోజుల్లో పాతికేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి.

ఒక గంట మాటను రాతలో పెట్టడానికి కనీసం నాలుగైదు గంటలు పడుతుంది. ఇంగ్లీషు టైపింగ్ వచ్చినవాళ్లు, ఇంట్లో స్కానర్ ఉన్నవాళ్లు ఈ పనిలో చేయి వేయదలిస్తే సభ అయ్యాక కాస్త ఆగి నాతో మాట్లాడండి.