మత్తిచ్చి చేసే ఆపరేషన్‌కు ముందు: కడుపు, మాత్రలు, తోడు మనిషి

శ్రోతలకు నమస్కారం.

ఆపరేషన్ తేదీ ఖాయమైందనగానే ఇంట్లో మొదట సర్దేది సంచి. బట్టలు, దుప్పటి, ఫ్లాస్కు, ఫోన్ ఛార్జరు. అవన్నీ కావలసినవే. అయితే వాటిలో ఏది మరిచిపోయినా ఎవరో ఒకరు ఇంటికెళ్ళి తెచ్చిపెడతారు. డాక్టరుకు చెప్పకుండా వదిలేసిన మాటల సంగతి అలా కాదు. పొద్దున ఏం తాగారు, రోజూ ఏ మాత్రలు మింగుతున్నారు, ఇదివరకు మత్తిచ్చినప్పుడు ఏం జరిగింది... ఇవి చెప్పకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పూట ఎక్కువసేపు వీటి గురించే మాట్లాడుకుందాం.

చాలామందికి మత్తంటే రెండు రకాలే తెలుసు. ఒళ్ళు తెలియకుండా పూర్తిగా నిద్రపుచ్చడం ఒకటి, వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబార్చడం రెండోది. ఇవి కాక సెడేషన్ అని ఇంకొకటుంది. నరంలోకి మందు ఎక్కించి మనిషిని మగతలోకి పంపుతారు. కోసే చోటు మొద్దుబారడానికి అవసరమైతే వేరే ఇంజెక్షన్ ఇస్తారు. కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ, పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ, చిన్న చిన్న గడ్డలు తీయడం, కొన్ని కంటి, పంటి ఆపరేషన్లు ఇలా చేస్తారు.

ఈ మగతలోనూ మెట్లున్నాయి. తేలిక మత్తులో మెలకువగానే ఉంటారు, భయం మాత్రం తగ్గుతుంది. మధ్యరకం మత్తులో కునుకు పట్టినట్టుంటుంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు, ఊపిరి తమంతట తామే తీసుకుంటారు. గాఢమైన మత్తులో పిలిస్తే పలకరు, పదేపదే తట్టినా, నొప్పి తగిలినా కదులుతారు, ఊపిరికి సాయం అవసరం పడొచ్చు. దాని తర్వాతి మెట్టు పూర్తి అనస్థీషియా. ఒకే మోతాదు మందు ఇద్దరిమీద ఒకేలా పనిచేయదు. మధ్యమెట్టు మీద ఉంచాలనుకున్న మనిషి తెలియకుండానే ఇంకో మెట్టు దిగిపోవచ్చు. కాబట్టి "చిన్న మత్తే కదా, కాస్త తింటే ఏమవుతుంది" అన్న మాటకు చోటే లేదు.

అసలు కడుపు ఎందుకు ఖాళీగా ఉండాలి? మెలకువగా ఉన్నప్పుడు నీటిచుక్క దారి తప్పితే మనకు పొలమారుతుంది. దగ్గి దగ్గి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి గానీ ఆ చుక్క బయటికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తులకు ఆ దగ్గే కాపలా. మత్తు గాఢమయ్యేకొద్దీ ఆ కాపలా నిద్రపోతుంది. ఆహారనాళం కింది చివర బిగిసి ఉండే కండరం కూడా సడలుతుంది. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు. కడుపులో ఉన్నది పైకి పొంగి గొంతుదాకా వచ్చి, అక్కణ్ణుంచి చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. న్యూయార్క్‌లో ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల వివరాలు చూసి, మత్తులో ఇలా జరిగిన 66 కేసులను 1946లో ప్రచురించారు. గట్టి పదార్థం పోతే గాలిదారి మూసుకుపోతుందని, కడుపులోని ఆమ్లం పోతే ఊపిరితిత్తి లోపలే కాలినట్టవుతుందని ఆయన విడదీసి చూపించారు. పరగడుపు నియమం వెనకున్న భయం ఇదే.

ఇక గంటల లెక్క. నూనెలో వేయించినవి, మాంసం, కొవ్వు ఎక్కువున్న భోజనం అయితే 8 గంటల ముందే ఆపాలి. తేలికపాటి తిండికి 6 గంటలు. పశువుల పాలు, డబ్బా పాలు కూడా 6 గంటలే. తల్లిపాలు తాగే బిడ్డకు 4 గంటలు. మంచినీళ్ళు, పాలు కలపని టీ, కాఫీ, గుజ్జు లేకుండా వడకట్టిన పండ్లరసం, ఇలాంటి తేట ద్రవాలకు 2 గంటలు.

ఎక్కువమంది తప్పు చేసేది పాల దగ్గరే. ద్రవమే కదా అని గ్లాసుడు పాలో, పాలు పోసిన కాఫీయో తాగి వస్తారు. గ్లాసులో ఉన్నప్పుడే అది ద్రవం. కడుపులోని ఆమ్లం తగలగానే విరిగి గడ్డలు కడుతుంది. అప్పుడిక అది తిండి కిందే లెక్క.

దీనికి అటువైపు తప్పు కూడా ఉంది. ముందురోజు రాత్రి భోజనం తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మర్నాడు మధ్యాహ్నందాకా అలాగే కూర్చుంటారు. ఇది మంచిది కాదు. ఒంట్లో నీరు తగ్గితే నరాలు అణిగిపోయి సూది దొరకడం కష్టమవుతుంది, తలనొప్పి వస్తుంది, మత్తు ఎక్కించగానే బీపీ పడిపోతుంది. "ఎన్ని గంటలకు తిండి ఆపాలి, ఎన్ని గంటలకు నీళ్ళు ఆపాలి" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి, గడియారం టైముతో సహా కాగితం మీద రాయించుకోండి. గంటలు లెక్కపెట్టేది మత్తిచ్చే వేళ నుంచి వెనక్కి, ఆస్పత్రికి చేరుకునే వేళ నుంచి కాదు. ఆస్పత్రి ఇంకా ముందే ఆపమంటే ఆ మాటే వినండి. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి, గర్భిణులకు, ఛాతీలోకి పులుపు ఎగదన్నేవారికి కడుపు ఆలస్యంగా ఖాళీ కావచ్చు, లేదా కడుపులోది త్వరగా పైకి రావచ్చు. షుగరుకో, బరువు తగ్గడానికో సెమాగ్లూటైడ్ లాంటి మందు వాడేవారికీ కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఆ మందు పేరు తప్పకుండా చెప్పాలి.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. తల్లి కట్టుదిట్టంగానే ఉంటుంది. ఆకలేస్తోందని పిల్లవాడు ఏడుస్తుంటే, పాపం అని పక్కనున్న ఎవరో ఒక బిస్కెట్ చేతిలో పెడతారు. ఇంట్లోవాళ్ళందరికీ ముందే చెప్పి ఉంచండి. పొరపాటున ఏదైనా తినేస్తే తిట్లు పడతాయని దాచొద్దు. చెబితే పోయేది కొన్ని గంటలు. మహా అయితే ఆపరేషన్ ఇంకో రోజుకు మారుతుంది.

ఇప్పుడు మాత్రలు. "తెల్లది ఒకటి, గులాబీ రంగుది సగం" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. మాత్రలున్న అట్టలే సంచిలో వేసుకురండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో దానిమీదే ఉంటుంది. కత్తిరించి వాడిన అట్టలో పేరున్న ముక్క పోయి ఉంటే పాత చీటీ తీసుకురండి. మూలికల చూర్ణాలు, వెల్లుల్లి గుళికలు, జింకో అనే చెట్టు ఆకుల గుళికలు కూడా మందుల లెక్కలోవే. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. వాటిని సాధారణంగా రెండు వారాల ముందే ఆపమంటారు.

రక్తం పలచన చేసే మందులు సొంతంగా ఆపకూడదు, అడక్కుండా కొనసాగించనూ కూడదు. వార్ఫరిన్‌ను సాధారణంగా 5 రోజుల ముందు, క్లోపిడోగ్రెల్‌ను 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. కానీ గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి తనంతట తాను ఆపేస్తే ఆ స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. స్టెంట్ వేసిన తేదీ చెప్పి, గుండె డాక్టరు, ఆపరేషన్ డాక్టరు ఇద్దరి మాటా తీసుకోవాలి. ఆపిన మందు మళ్ళీ ఏ రోజు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి.

షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి 3 రోజుల ముందే ఆపమంటారు. వీటిని వాడుతూ ఉపవాసం ఉంటే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. అప్పుడు షుగరు అంకె మామూలుగానే కనబడుతుంది. అందుకే పసిగట్టడం కష్టం. ఇన్సులిన్ పూర్తిగా మానేయాలా, తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి. ఇక గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్లు, ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్ర మామూలుగా ఆ రోజు కూడా రెండు గుక్కల నీళ్ళతో వేసుకోమంటారు. బీపీ మందులన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నింటిని ముందురోజే ఆపిస్తారు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ చేతిలోనే ఉండాలి.

మత్తు డాక్టరు అడిగినా అడక్కపోయినా చెప్పవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. నిద్రలో పెద్దగా గురక పెట్టడం, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం అందులో ముఖ్యం. మత్తులో ఇలాంటివారి గొంతుదారి తేలిగ్గా మూసుకుపోతుంది. ఇది పేషెంటుకు తెలియదు, పక్కన పడుకునేవారికే తెలుస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి ఆ మనిషినీ తీసుకెళ్ళండి. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషను వాడుతుంటే దాన్నీ తీసుకురావాలి. పేస్‌మేకర్ ఉందా, గర్భం ఉండే అవకాశముందా, మద్యం ఎంత తాగుతారు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ప్రాణం మీదికి వచ్చిందా అన్నవీ దాచొద్దు. ఏ మందు పడదో చెప్పేటప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పండి. దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం ఎలర్జీ. వికారం మాత్రమే అయితే అది చాలావరకు మందు వల్ల వచ్చే ఇబ్బంది. జ్వరమో, కఫంతో దగ్గో మొదలైతే ఆ రోజు దాకా ఆగకుండా ముందే ఫోన్ చేయండి.

ఆపరేషన్ చేసే చోట ఇంటి దగ్గర గీసుకోవద్దు. బ్లేడు వల్ల పడే కంటికి కనబడని గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయి. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆస్పత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. ముందురోజు రాత్రి, ఆ పొద్దున స్నానం చేయండి. తర్వాత క్రీములు, పౌడర్లు రాయొద్దు. ఉంగరాలు, గొలుసులు ఇంట్లోనే వదిలేయండి. రక్తం కారకుండా కరెంటుతో కాల్చే పరికరం వాడినప్పుడు లోహం తగిలిన చోట చర్మం కాలవచ్చు. కట్టుడు పళ్ళు, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. ఊగుతున్న పన్ను ఉంటే చూపించండి. గోళ్ళ రంగు కూడా తుడిచేయాలి. వేలికి తొడిగే క్లిప్పు ఒకటుంటుంది, పల్స్ ఆక్సీమీటర్. అది గోరు మీదుగా ఎర్రకాంతిని, కంటికి కనబడని ఇంకో కాంతిని పంపి, అవతలికి ఎంత చేరిందో చూసి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ముదురు రంగు ఆ కాంతికి అడ్డొస్తే అంకె తప్పు పడవచ్చు. వయసు పైబడినవారికి కళ్ళజోడు, చెవి మిషను మాత్రం వెంటే ఉంచండి. మత్తు దిగుతున్నప్పుడు కనబడక, వినబడక అయోమయపడతారు.

సమ్మతి పత్రం మీద సంతకానికి ముందు ఏ ఆపరేషన్, ఏ రకం మత్తు, వచ్చే చిక్కులేమిటి, చేయించకపోతే ఏమవుతుంది అని అడగండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. తర్వాత పేరేమిటి, ఏ ఆపరేషన్, కుడివైపా ఎడమవైపా అని నలుగురైదుగురు అడిగిందే అడుగుతారు. విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సర్జికల్ చెక్‌లిస్టు తెచ్చింది. 8 ఆస్పత్రుల్లో దాన్ని అమలుచేసి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఒంటిమీద పెన్నుతో గుర్తు పెడితే కడిగేయకండి.

ఆపరేషన్ గదిలో చేతి నరానికి సన్నటి గొట్టం, ముక్కుకు ఆక్సిజన్ తగిలిస్తారు. బీపీ పట్టీ సుమారు 5 నిమిషాలకోసారి చేతిని నొక్కుతుంది. ప్రొపోఫాల్ అనే మత్తుమందు పాలలా తెల్లగా ఉంటుంది. ఎక్కుతుంటే చెయ్యి మండినట్టనిపిస్తే కంగారు పడొద్దు, డాక్టరుకు చెప్పండి. మిడాజోలమ్ అనే మత్తుమందు ఇస్తే ఆ కాసేపు జరిగింది గుర్తుండదు. కళ్ళు తెరిచి డాక్టరుతో చక్కగా మాట్లాడి, తలూపి, గంట తర్వాత "డాక్టరు రానేలేదు" అంటారు. అందుకని ఇంటికెళ్ళాక పాటించవలసినవి వినాల్సిందీ, రాసుకోవాల్సిందీ తోడు వచ్చిన మనిషే.

ఆ తోడు 24 గంటలు వెంట ఉండాలి. ఆ 24 గంటలూ పేషెంటు బండి నడపకూడదు, మద్యం తాగకూడదు, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, పసిబిడ్డను ఒంటరిగా చూసుకోకూడదు. తెలివిగానే ఉన్నట్టనిపించినా చేతికీ కంటికీ పొందిక ఇంకా కుదరదు. మొదటిసారి మంచం దిగేటప్పుడు ముందు కాళ్ళు వేలాడేసి కాసేపు కూర్చోవాలి, తర్వాత ఒకరిని పట్టుకుని లేవాలి. ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే పడుకుని ఉండగానే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, గంటకోసారి పది నిండైన ఊపిరులు తీసుకోండి. నొప్పికి భయపడి ఊపిరి పైపైనే తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగున కఫం నిలిచిపోతుంది. నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఓర్చుకోకుండా ముందే సిస్టర్‌కు చెప్పండి. ఇంటికొచ్చాక పారాసిటమాల్ వేరు వేరు పేర్లతో రెండు మాత్రల్లో ఉండవచ్చు. రెండూ కలిపి పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించకూడదు, కాలేయం దెబ్బతింటుంది.

ఇంటికి పంపేటప్పుడు రాత్రివేళ పలికే ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, కట్టు తడిసేంత రక్తం, గాయం చుట్టూ ఎర్రగా పాకడం, చీము, ఆగని వాంతులు, 8 గంటలైనా మూత్రం రాకపోవడం... వీటిలో ఏదున్నా ఫోన్ చేయాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా, పిలిచినా సరిగా లేవకపోయినా ఫోన్‌తో సరిపెట్టక వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఆ రోజు వేసుకున్న మాత్రల అట్టలు చేతపట్టుకెళ్ళండి. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో వాళ్ళు మొదట అడుగుతారు.

నమస్కారం.