బంద్ అంటే ఏది బంద్?

అందరికీ నమస్కారం. భద్రతా వారోత్సవం కదా, హెల్మెట్ గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఒక్క మాట గురించి చెప్పడానికి వచ్చాను. బంద్.

మన రాయగడలో షిఫ్టు మారేటప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. తెలుగు, ఒడియా, హిందీ, కువి అన్నీ కలిసిపోతాయి. లాగ్‌బుక్కు మాత్రం ఇంగ్లీషులో రాస్తాం. నేను ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఒక ఫ్యాక్టరీలో, నైట్ షిఫ్టు దిగిపోతున్న ఆపరేటరు "మూడో నంబరు బంద్ అచ్ఛి" అని చెప్పి వెళ్ళాడు. పంపు ఆపానని ఆయన ఉద్దేశం. వాల్వు కట్టేశారని నా జోడీదారుకు అర్థమైంది. పైపులు కలిసే ఫ్లాంజికి రెండో బోల్టు వదులు చేశాడో లేదో, మరిగే నీళ్ళు చిమ్మి అతని గ్లవ్స్ లోపలికి దిగాయి. అవి తీస్తుంటే చర్మం కూడా వచ్చింది. నెలన్నర పాటు వాళ్ళావిడే అన్నం కలిపి నోట్లో పెట్టింది.

ఎంక్వయిరీ కాగితంలో ఏం రాశారో తెలుసా? "కార్మికుడి అజాగ్రత్త." అంతే, ఫైలు మూసేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గ్లవ్స్ లేకుండా స్పానరు ముట్టుకోని మనిషి అతను!

1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మీద జరిగిందీ ఇలాంటిదే. ఒక పంపు సేఫ్టీ వాల్వును రిపేరుకు విప్పి, పని సాయంత్రానికి తెమలక, ఆ చోట మూత పెట్టి వెళ్ళారు. ఆ కబురు రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి వాళ్ళు దీన్ని స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. బటన్ నొక్కినవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? వాళ్ళకు తెలిసినంతలో అదే సరైన పని.

అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో, 1979లో, ప్యానెల్ మీద దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకుందనుకున్నారు. మూసుకోమని ఆర్డరు వెళ్ళిందనే ఆ దీపం చెప్పింది. వాల్వు తెరుచుకునే ఉంది. మన ఒడిశాలోనే, 2023 జూన్ 2న బాహనగా బజార్ దగ్గర, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రైలు డ్రైవరుకు కనిపించింది పచ్చ సిగ్నలే. పట్టా మాత్రం పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉంది.

మా జోడీదారు డ్యూటీకి తిరిగి వచ్చాక మేమిద్దరం "బంద్" అనడం మానేశాం. షిఫ్టు ఇచ్చేటప్పుడు మిషను దగ్గరికే వెళ్ళి, వాల్వు మీద చెయ్యి వేసి చెప్పేవాళ్ళం: పంపు ఆగింది, ఈ వాల్వు కట్టాను, ఫ్యూజు నా జేబులో ఉంది. విన్నవాడు అదే తన భాషలో తిరిగి చెప్పేదాకా కదిలేవాళ్ళం కాదు.

అప్రెంటిస్ పిల్లలూ, మధ్యాహ్నం పంపుహౌసుకు రండి. మీతో అదే చేయిస్తాను. ఒడియా వాళ్ళు ఒడియాలో, కువి వాళ్ళు కువిలో చెప్పండి.