రపుంజెల్ బట్టలు ఎందుకు బిగుతయ్యాయి? ఫెయిరీ టేల్స్‌ని టీనేజర్ల కోసం మళ్ళీ ఎందుకు రాస్తున్నారు?

స్క్రీన్ మీద: ఎత్తైన రాతి గోపురం. ఒకటే కిటికీ. కిందికి వేలాడుతున్న పొడుగు జడ.

వాయిస్:
హాయ్ అందరికీ. రపుంజెల్ కథ మీకు తెలుసు కదా, తలుపుల్లేని గోపురం, జడ పట్టుకుని పైకెక్కే రాజకుమారుడు. మరి రాజకుమారుడు వచ్చి వెళ్తున్న సంగతి ఆ పిల్లని పెంచి గోపురంలో బంధించిన మంత్రగత్తెకి ఎలా తెలిసింది? మనలో చాలామంది చదివిన పుస్తకాల్లో రపుంజెలే నోరు జారుతుంది, రాజకుమారుడు చిటికెలో పైకొచ్చేస్తాడు, నిన్ను లాగడానికేంటి ఇంత బరువు అని వెళ్ళి వెళ్ళి ఆ మంత్రగత్తెనే అడుగుతుంది. ఇంత తెలివితక్కువ పిల్లేంటి అనిపిస్తుంది.

కానీ జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ బ్రదర్స్ 1812లో వేసిన మొదటి ఎడిషన్‌లో ఆ మాట లేదండి. అక్కడ రపుంజెల్ అడిగేది వేరే, నా బట్టలు బిగుతైపోతున్నాయి, అసలు పట్టట్లేదు, ఎందుకంటావ్ అని. అంతే. ఆ పిల్ల కడుపుతో ఉంది. ఆ సంగతి ఆ పిల్లకే తెలీదు, ఎందుకంటే 12 ఏళ్ళకే గోపురంలో పెట్టి తాళమేసినట్టు పెంచారు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయా. పిల్లల పుస్తకంలో ఇదేంటి అని జనాలు అభ్యంతరం చెబితే తర్వాతి ఎడిషన్లలో ఆ వాక్యం మార్చేశారు, కానీ ఆ ఒక్క వాక్యం మార్చేసరికి ఏమీ తెలియని అమాయకురాలు కాస్తా బుర్ర లేని పిల్ల అయిపోయింది. తప్పు పెంచినావిడ నుంచి పిల్ల మీదకి జరిగింది.

ఈ వీడియో మొత్తం దీని గురించే. పాత ఫెయిరీ టేల్స్‌ని ఇప్పటి టీనేజర్ల కోసం, అంటే పబ్లిషర్లు వైఏ అని పిలిచే 12 నుంచి 18 ఏళ్ళ రీడర్ల కోసం, మళ్ళీ కొత్తగా రాస్తున్నారు కదా, అవి ఏం చేస్తున్నాయి, వాటిలో ఏది బాగుంటుంది ఏది తేలిపోతుంది అని.

స్క్రీన్ మీద: పాత పుస్తకాల పేజీలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి.

వాయిస్:
ముందు ఒక మాట తేల్చేద్దాం. రీటెల్లింగ్, అంటే పాత కథని ఇలా తిరగరాయడం, అనగానే చాలామంది, అసలు కథని పాడు చేస్తున్నారు అంటారు. సరే, అసలు కథ ఏది? సిండరెల్లానే తీసుకోండి. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, దేవత, ఇవన్నీ ఫ్రాన్స్‌లో షార్ల్ పెర్రో 1697లో వేసిన పుస్తకంలోవి. గ్రిమ్ సిండరెల్లాలో దేవతా లేదు, గుమ్మడికాయా లేదు, అమ్మ సమాధి మీద మొలిచిన చెట్టు, దాని మీద వాలే పక్షి, అవే ఆ పిల్లకి బట్టలిస్తాయి, సవతి అక్కలేమో చెప్పు పట్టడానికి ఒకతి కాలి వేలు కోసుకుంటుంది, ఇంకొకతి మడమ కోసుకుంటుంది. ఈ రెండిటికన్నా చాలా ముందే, 9వ శతాబ్దంలో చైనాలో డువాన్ చెంగ్‌షీ అనే ఆయన యె షియెన్ అనే అమ్మాయి కథ రాసి పెట్టాడు, అందులో సాయం చేసేవి చేప ఎముకలు, పోయేది బంగారు చెప్పు. జానపద కథల మీద పనిచేసేవాళ్ళు వీటన్నిటినీ ఒకే కుటుంబం కింద లెక్కేసి 510ఎ అని నంబర్ కూడా ఇచ్చుకున్నారు.

కాబట్టి పాడు చెయ్యడానికి అక్కడ ఒక ఒరిజినల్ అంటూ లేదు. చెప్పిన ప్రతివాళ్ళూ తమ ముందున్న వాళ్ళకి తగ్గట్టు మార్చుకుంటూనే వచ్చారు. స్నో వైట్‌ని చంపించబోయిన రాణి 1812లో సొంత తల్లి, 1819 ఎడిషన్‌కి వచ్చేసరికి సవతి తల్లి అయిపోయింది. కన్నతల్లి అలా చేస్తుందంటే పిల్లలకి చెప్పలేం కదా. అదే కథ చివర్లో ఆ రాణి కాళ్ళకి ఎర్రగా కాల్చిన ఇనప బూట్లు తొడిగి చచ్చేదాకా డాన్స్ చేయించడం మాత్రం అలాగే ఉంచారు! కడుపుతో ఉండటం పిల్లలకి వద్దంట, ఇది పర్లేదంట. ఏది దాచాలి ఏది చూపించాలి అన్నది కథలోంచి రాలేదు, ఆ కాలంలోంచి వచ్చింది.

ఇప్పుడు వైఏ రైటర్లు చేస్తున్నది కూడా మార్చడమే, కాకపోతే అప్పుడు దాచేసినవాటిని వీళ్ళు బయటికి తీస్తున్నారు.

ఎందుకు ఈ వయసు వాళ్ళకే అంటే, నాకు అర్థమైంది చెప్తా. ఫెయిరీ టేల్ ఏం జరిగిందో చెప్తుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. ఐదేళ్ళ పిల్లకి అది చాలు, కథ కంచికి వెళ్ళగానే నిద్రపోతుంది. పదిహేనేళ్ళ పిల్లకి అది చాలదు. ఎందుకు ఊరుకుంది, ఎందుకు పారిపోలేదు, వాళ్ళ నాన్న ఎక్కడ చచ్చాడు, ఈ ప్రశ్నలన్నీ ఆ వయసులోనే వస్తాయి, ఎందుకంటే ఇంట్లో కూడా అవే ప్రశ్నలు మొదలవుతాయి. మంచి రీటెల్లింగ్ ఏం చేస్తుందంటే, పాత కథలో ఉన్న ఒక్క కన్నం పట్టుకుంటుంది, పట్టుకుని ఇంక వదలదు.

స్క్రీన్ మీద: ఒక అమ్మాయి చెయ్యి. అరచేతిలో రెండే రెండు బాదం పప్పులు.

వాయిస్:
దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ గెయిల్ కార్సన్ లెవిన్ 1997లో రాసిన ఎల్లా ఎన్‌చాంటెడ్. ఆవిడకి సిండరెల్లా రాద్దామంటే ఆ పిల్ల మంచితనం చూసి చిరాకొచ్చిందంట, ఏమన్నా తలూపే మనిషితో పది పేజీలు కూడా నడవలేను అనిపించింది. అప్పుడు దొరికింది ప్రశ్న. అసలు సిండరెల్లా ఎందుకు చెప్పినట్టల్లా వింటుంది? ఆవిడ జవాబు, అది మంచితనం కాదు, శాపం. పుట్టినప్పుడే లూసిండా అనే దేవత ఎల్లాకి విధేయత అనే వరం ఇచ్చేసింది. ఎవరు ఏం ఆజ్ఞాపించినా చేసి తీరాల్సిందే. గెంతమంటే గెంతాలి, ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యాలి.

చూడండి ఇప్పుడు, కథలో సంఘటనలు పెద్దగా మారలేదు, సవతి అక్కలున్నారు, రాజకుమారుడున్నాడు, డాన్స్ ఉంది, కానీ ప్రతి సీనూ తలకిందులైపోయింది. ఎల్లా విధేయురాలు కాదు, మహా మొండి. వంటావిడ బాదం పప్పులు తెమ్మంటే వెళ్తుంది, వెళ్ళక తప్పదు, కానీ రెండే రెండు తెస్తుంది! ఎన్ని తేవాలో చెప్పలేదు కదా మరి. ఆ రెండు బాదం పప్పులు నాకు చాలా ఇష్టం. పూర్తిగా కాదనలేని మనిషి తనకున్న కొంచెం చోటులో ఎలా ఎదురు తిరుగుతుందో అక్కడ మొత్తం కనిపిస్తుంది. పెద్దవాళ్ళ మాట వినాల్సిన వయసులో ఉండి లోపల లోపల ఉడికిపోయే ప్రతి పిల్లకీ ఆ లెక్క తెలుసు.

ఇంక చివరికి వచ్చేసరికి (స్పాయిలర్ ఇది, చదవాలనుకుంటే ఒక నిమిషం ముందుకెళ్ళిపోండి) రాజకుమారుడు పెళ్ళి చేసుకోమంటాడు. ఎల్లాకి అతనంటే ప్రాణం. కానీ చేసుకుంటే రేపు ఎవరైనా నీ మొగుణ్ణి చంపు అని ఆజ్ఞాపిస్తే చంపాల్సి వస్తుంది. అందుకని ఒళ్ళంతా చేసుకో చేసుకో అంటున్నా పళ్ళు బిగబట్టి చేసుకోను అంటుంది, ఆ మాటతోనే శాపం తెగిపోతుంది. పాత కథలో పెళ్ళికి ఒప్పుకోవడం విడుదల, ఇక్కడ కాదనగలగడం విడుదల. అంతా అయ్యాక ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారు, అది వేరే విషయం, అప్పుడది ఆ పిల్ల ఇష్టం.

స్క్రీన్ మీద: తుప్పు పట్టిన స్క్రూ, క్లోజప్.

వాయిస్:
రెండో దారి ఏంటంటే, వస్తువుని మార్చడం. మరిస్సా మేయర్ 2012లో రాసిన సిండర్‌లో హీరోయిన్ సైబోర్గ్, ఒంట్లో కొంత భాగం మెషీన్, న్యూ బీజింగ్ అనే భవిష్యత్తు నగరంలో మెకానిక్ పని చేస్తుంటుంది. పుస్తకం మొదలవ్వడమే చీలమండలో తుప్పు పట్టిన స్క్రూతో మొదలవుతుంది, ఆ ఇనప పాదం చిన్నది, ఎప్పుడో చిన్నప్పుడు పెట్టింది, ఇప్పుడు సరిపోవట్లేదు. డాన్స్ రాత్రి ప్యాలెస్ మెట్ల మీద సిండరెల్లా చెప్పు కదా వదిలేది, ఈ పిల్ల పాదమే ఊడిపోతుంది. అందరి ముందూ. తన ఒంటిని చూసి ఎవరైనా ఏమనుకుంటారో అని దాచుకుని తిరిగిన పిల్ల అది. గాజు చెప్పు ఎంత నాజూకు కాలో చెప్పే గుర్తు, ఇక్కడ అదే చోట ఇనప పాదం పెట్టేసరికి కథ సిగ్గు గురించి అయిపోయింది. ఆ సిరీస్ మూడో పుస్తకంలో రపుంజెల్ గోపురం కాస్తా అంతరిక్షంలో తిరిగే శాటిలైట్ అవుతుంది, అందులో ఒంటరిగా ఒక హ్యాకర్ పిల్ల. చుట్టూ ఖాళీ, జడ వేస్తే అందుకునేవాడు కూడా లేడు. పోలిక అతికించినట్టు ఉండదు, నిజంగా సరిపోయింది.

మలిండా లో 2009లో రాసిన యాష్‌లో సిండరెల్లా మనసు రాజకుమారుడి మీదకి కాదు, రాజుగారి వేటగత్తె కైసా మీదకి వెళ్తుంది. దీని గురించి ఎక్కువ చెప్పను, ఆ పుస్తకంలో అమ్మ పోయిన దుఃఖం ఎంత నెమ్మదిగా రాశారో చదివితేనే తెలుస్తుంది.

స్క్రీన్ మీద: పెద్ద లైబ్రరీ. కొవ్వొత్తి వెలుగు. తలుపు దగ్గర ఒక నీడ.

వాయిస్:
బ్యూటీ అండ్ ది బీస్ట్, అదే, తండ్రి ప్రాణానికి బదులుగా ఒక మృగం కోటలో ఉండిపోయి చివరికి దాన్నే ప్రేమించే అమ్మాయి కథ, దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చిక్కంతా ఇక్కడే. ఈ కథ 1740లో గాబ్రియెల్ సుజాన్ ద విల్‌నవ్ అనే ఆవిడ రాసింది, చాలా పెద్దది. 1756లో జాన్ మరీ లెప్రాన్స్ ద బోమాన్ దాన్ని బాగా కుదించి, చదువుకునే ఆడపిల్లల కోసం వేసిన పుస్తకంలో పెట్టింది. ఆవిడ ఆడపిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. అంటే ఎదుగుతున్న అమ్మాయిల కోసం ఒక పాత కథని తిరగరాయడం 1756లోనే జరిగిపోయింది, ఇదేదో ఇప్పటి ఫ్యాషన్ కాదు. మార్పు కూడా చూడండి, విల్‌నవ్ కథలో బీస్ట్ రోజూ రాత్రి అడిగేది నాతో పడుకుంటావా అని, బోమాన్ దాన్ని నా భార్యవవుతావా అని మార్చింది.

సరే, ఇప్పుడు పదహారేళ్ళ రీడర్ చదివితే మొదట అడిగేది ఒకటే. బంధించినవాణ్ణి ప్రేమించడమేంటి? తండ్రి ప్రాణానికి బదులుగా వచ్చిన పిల్ల అది, కాదనే దారి ఎక్కడుంది? దీన్ని తప్పించుకుని రాసిన రీటెల్లింగ్ ఏదైనా, ఎంత అందంగా రాసినా, నాకు మింగుడుపడదు. రాబిన్ మెకిన్లీ 1978లో రాసిన బ్యూటీలో హీరోయిన్ తను అందగత్తెనని అస్సలు అనుకోదు, పుస్తకాల పిచ్చి, బీస్ట్ లైబ్రరీలో ఇంకా ఎవరూ రాయని పుస్తకాలు కూడా ఉంటాయి, వాళ్ళ మధ్య దగ్గరితనం ఆ చదువులోంచి వస్తుంది, నిదానంగా. బ్రిజిడ్ కెమ్మెరర్ 2019లో రాసిన నవలలో అయితే హీరోయిన్ హార్పర్‌కి సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక మీద పట్టు తగ్గే స్థితి) ఉంటుంది, ఎత్తుకొచ్చారు కాబట్టి కోపంగానే ఉంటుంది, రాజకుమారుడు తన పద్దెనిమిదో ఏటి శరత్కాలాన్నే మళ్ళీ మళ్ళీ బతుకుతూ విసిగిపోయి ఉంటాడు. ఆ కోపాన్ని రైటర్ దాటెయ్యలేదు, దానికి చోటిచ్చింది.

తేలిపోయేవి ఎలా ఉంటాయంటే, హీరోయిన్ చేతికి కత్తి ఇచ్చి, డ్రెస్ బదులు ప్యాంటు వేసి, మిగతాదంతా యథాతథం. వేషం మారింది, ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకో రకం, విలన్‌కి చిన్నప్పుడు జరిగిన బాధ ఒకటి చెప్పేసి చేతులు దులుపుకోవడం. రపుంజెల్‌ని బంధించినావిడ ఎందుకు బంధించిందో తెలుసుకోవాలని నాకూ ఉంటుంది, తెలిశాక కూడా ఆ పిల్ల పోగొట్టుకున్న ఏళ్ళు ఎక్కడికీ పోవు కదా, అవి కూడా లెక్కలో ఉండాలి.

చదవడం మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు పాత కథ చదవండి, అది రెండు మూడు పేజీలే ఉంటుంది చాలావరకు, చదివి ఎక్కడ మీకు కుదరలేదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి, తర్వాత రీటెల్లింగ్ తియ్యండి. రైటర్ మీ గీత దగ్గరే ఆగిందా వేరే చోట ఆగిందా చూస్తుంటే భలే ఉంటుంది.

నా గీత ఒకటి రంపెల్‌స్టిల్ట్‌స్కిన్‌లో ఉంది.

స్క్రీన్ మీద: గది నిండా గడ్డి. మధ్యలో రాట్నం.

వాయిస్:
పిండిమర నడిపే ఆయన నా కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని గొప్పలు చెప్పాడు. రాజు ఆ పిల్లని గదిలో పెట్టి తలుపేసి తెల్లారేసరికి బంగారం కాకపోతే చంపేస్తా అన్నాడు. మూడు రాత్రులు. మూడుసార్లూ ఒక మరుగుజ్జు వచ్చి వడికి పెట్టాడు, చివరిసారి బదులుగా పుట్టబోయే బిడ్డని ఇస్తానని మాట తీసుకున్నాడు, చంపుతానన్న రాజునే పెళ్ళి చేసుకుంది, బిడ్డ పుట్టింది, నా పేరు చెప్తే బిడ్డని వదిలేస్తా అన్న మరుగుజ్జుకి పేరు చెప్పేసి బిడ్డని కాపాడుకుంది, అక్కడితో కథ అయిపోయింది. కానీ ఆ పిల్లకి వడకడం ఇప్పటికీ రాదు, రాజుకి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు, మరుగుజ్జు ఇంక రాడు. రాజు మళ్ళీ ఒకరోజు గది నిండా గడ్డి పోయించి, తలుపు వెయ్యడానికి వస్తే?