తలుపు చప్పుడు విన్న ముసలి సిపాయి: నెవర్‌వింటర్ నైట్స్ ఇప్పుడు ఆడొచ్చా?

ముందు ఈ కుర్చీ చూడండి. చెక్క కుర్చీ. అందంగా ఉందని చెప్పను, నాలుగు పలకలు అతికించినట్టుంది. ఇప్పుడు నా క్యారెక్టర్‌తో దాని మీద క్లిక్ చేస్తున్నా. నడుచుకుంటూ వెళ్లాడు, తిరిగాడు, కూర్చున్నాడు. అంతే. ఇంకేమీ జరగదు. పాయింట్లు రావు, సౌండ్ రాదు, మూలన మెసేజ్ కూడా రాదు.

నేను ఈ ఆటకి మళ్లీ మళ్లీ వస్తున్నది ఈ కుర్చీ కోసమే. ఎందుకో చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

ఆట పేరు నెవర్‌వింటర్ నైట్స్. బయోవేర్ వాళ్లు 2002 జూన్‌లో వదిలారు. మీరు చూస్తున్నది 2018లో బీమ్‌డాగ్ తెచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్. ఇదే పేరుతో 1991 నుంచి 1997 దాకా ఏఓఎల్‌లో ఒక ఆన్‌లైన్ ఆట నడిచింది, అది వేరు, వెతికేటప్పుడు కన్‌ఫ్యూజ్ అవ్వకండి. ఇది డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆట మూడో ఎడిషన్ రూల్స్ మీద నడుస్తుంది. ఇరవై ముఖాల పాచిక తెర వెనక దొర్లుతూనే ఉంటుంది. కింద లాగ్‌లో పన్నెండుకి ఐదు కలిపితే పదిహేడు, దెబ్బ తగిలింది అని లెక్క పడుతుంది. నాకు ఆ లెక్కంటే ఇష్టం. చచ్చిపోయినా ఎందుకు చచ్చామో తెలుస్తుంది.

కథ సంగతి తొందరగా తేల్చేద్దాం. ఒక్కరే ఆడుకునే మెయిన్ కథలో ఊరికి మహమ్మారి వస్తుంది, మందు కోసం నాలుగు జీవుల్ని వెతికి పట్టుకురావాలి. ఊళ్లో నాలుగు పేటలు, పేటకో జీవి. చెప్తుంటేనే ఆవలింత వస్తోంది కదా, ఆడుతుంటే ఇంకా వస్తుంది. 2003లో వచ్చిన రెండు ఎక్స్‌పాన్షన్లలో, అంటే అదనపు కథల్లో, రెండోది, హోర్డ్స్ ఆఫ్ ది అండర్‌డార్క్, చాలా నయం. కథ కోసమే కొనేవాళ్లు మెయిన్ కథని వదిలేసి దానికి వెళ్లిపోయినా పెద్ద నష్టం లేదు.

నా లెక్కలో అసలు ఆట వేరే ఉంది. దీంతో పాటు అరోరా టూల్‌సెట్ అని ఒకటి ఇచ్చారు. బయోవేర్ వాళ్లు వాడిన సామాన్లే మన చేతిలో పెట్టేశారన్నమాట. ఊళ్లు కట్టుకోవచ్చు, మనుషుల్ని పెట్టుకోవచ్చు, ఎవరు ఏం మాట్లాడాలో రాసుకోవచ్చు. దాన్ని సర్వర్ మీద పెట్టి పదుల మందిని పిలవొచ్చు. పైగా డీఎమ్ క్లయింట్ ఉంది. డీఎమ్, అంటే ఆట నడిపించే మనిషి, కనిపించకుండా తిరుగుతూ, అవసరమైతే ఏ దుకాణదారుడిలోకో, ఏ తోడేలులోకో దూరి ఆడిస్తాడు. పరకాయ ప్రవేశం అంటామే, అచ్చంగా అదే. అప్పటిదాకా మూడే మూడు డైలాగులు తిప్పి తిప్పి చెప్పిన కూరగాయల వాడు ఉన్నట్టుండి మీ పేరు పెట్టి పిలిచాడనుకోండి, ఒళ్లు జలదరిస్తుంది.

ఇక కుర్చీ దగ్గరికి వద్దాం. కుర్చీలో కూర్చోవడం కూడా ఎవరో స్క్రిప్ట్ రాస్తేనే జరుగుతుంది. టూల్‌సెట్‌లో తెరిచి చూపిస్తా, మూడు నాలుగు లైన్లే. మొదట అడిగేది ఏంటో తెలుసా? ఈ కుర్చీలో ఇప్పటికే ఎవరైనా కూర్చుని ఉన్నారా అని. లేకపోతే, క్లిక్ చేసిన మనిషిని కూర్చోబెట్టమంటుంది. ఎవరో ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని సత్రంలో ఉన్న ప్రతి కుర్చీకీ, ప్రతి బల్లకీ ఈ నాలుగు లైన్లు తగిలించారు. దాంతో యుద్ధంలో వచ్చే లాభం సున్నా. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారేమోనని చేసి పెట్టారు.

ఇప్పుడు మా ముసలాడి గురించి. నా క్యారెక్టర్ పేరు బార్విక్. రిటైరైన సిపాయి. నేను ఆడేది రోల్‌ప్లే సర్వర్, అంటే అందరం మా క్యారెక్టర్లమే అన్నట్టు మాట్లాడుతూ ఆడతాం. చేరేటప్పుడు బ్యాక్‌స్టోరీ రాసివ్వమన్నారు, రెండు పేజీలు రాశా. అందులో సగం కత్తి గురించే. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

ఒక రాత్రి అడవిలో నెగడు దగ్గర బార్విక్, ఇంకొకావిడ ఆడే వేటగత్తె, ఇద్దరమే ఉన్నాం. బాగా దెబ్బలు తిని ఉన్నాం. ఆ సర్వర్‌లో ఒకసారి రెస్ట్ తీసుకున్నాక మళ్లీ తీసుకోవాలంటే కొంతసేపు ఆగాలి. సరే, ఆగుతూ కబుర్లు చెప్పుకుంటున్నాం. ఇంతలో మా ఇంటి తలుపు ఎవరో కొట్టారు. నిజం తలుపు. ఒక్క నిమిషం, ఎవరో తలుపు కొడుతున్నారు అని ఆవిడకి విడిగా టెల్ పంపాలి. కంగారులో టాక్‌లో కొట్టేసి లేచిపోయా. అంటే ఆ మాట బార్విక్ అన్నట్టు అతని తల మీద తేలింది. నడి అడవిలో.

తిరిగొచ్చేసరికి చాట్‌లో నాలుగు లైన్లున్నాయి. మనం ఆటలో చేసే పనుల్ని నక్షత్రం గుర్తుల మధ్య రాస్తాం, తెలిసిందే కదా. మొదటి లైన్: *విల్లు తీసి చుట్టూ చూసింది*. రెండోది: "ఇక్కడ తలుపెక్కడుంది తాతా?" మూడోది: *అతను పలకకపోయేసరికి దగ్గరికొచ్చి ముఖంలోకి చూసింది*. నాలుగోది: *విల్లు దించి, మంటలో ఇంకో పుల్ల వేసింది* "సరేలే, నేను చూసొస్తా. నువ్వు కూర్చో."

సారీ, రాంగ్ చానెల్ అని రాయబోయా. సగం టైప్ చేసి చెరిపేశా. ఆవిడకి తెలుసు. అది పొరపాటని తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే అలా రాసింది. అందుకని బార్విక్ చేత "ఎవరు వచ్చారు?" అని అడిగించా. "ఎవరూ లేరు. వెళ్లిపోయారు" అంది వేటగత్తె.

ఆ రోజు నుంచి మా ముసలాడికి తలుపు చప్పుళ్లు వినిపించడం మొదలైంది. ఎందుకు వినిపిస్తాయో నాకే తెలియదు. మూడు వారాల తర్వాత ఇంకెవరో అడిగితే అప్పటికప్పుడు బయటపడింది: ముట్టడి జరిగిన రాత్రి కోట తలుపు దగ్గర కాపలా ఇతనే, బయట జనం కొడుతుంటే తెరవొద్దని ఆర్డర్ వచ్చింది, తెరవలేదు. నేను రాసుకున్న రెండు పేజీల్లో ఈ ముక్క లేదు. నా ఒక్కడి బుర్రకి తట్టేది కూడా కాదు.

ఒక చిన్న సంగతి. నేను మీకు తెలుగులో చెబుతున్నా కాబట్టి తాతా అన్నా. ఆవిడ రాసింది ఇంగ్లిష్‌లోనే. ఈ సర్వర్లలో మాటంతా ఇంగ్లిషే, నేను మాత్రం బార్విక్‌ని తెలుగులోనే ఆలోచిస్తా. అక్కడొక ఇబ్బంది ఉంది. దళపతి ఎదురైతే తెలుగులో మీరు అంటే చాలు, సంబంధం మొత్తం తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే మాట. ఆ గౌరవాన్ని ఇంకెక్కడో చూపించాలి. అందుకే మా వాడు దళపతి ముందు కూర్చోడు. కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంటాడు. ఒకసారి ఆ దళపతి ఆడే అతను విడిగా అడిగాడు, నీ క్యారెక్టర్ ఎప్పుడూ కూర్చోడేంటి, కుర్చీ పని చేయట్లేదా అని.

సరే, ఆగడం గురించి చెబుతున్నా కదా. పాత ఆన్‌లైన్ ఆటల్లో ఆగడం చాలా ఉండేది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో మాంత్రికుడు మానా, అంటే మంత్రాలకి కావాల్సిన శక్తి, నింపుకోవాలంటే కింద కూర్చోవాలి. మొదటి లెవెల్స్‌లో మంత్రాల పుస్తకం తెరిచి కూర్చుంటే అది స్క్రీన్‌ని కప్పేసేది, ఎదురుగా ఏం జరుగుతోందో కూడా కనిపించేది కాదు. తిట్టుకోని వాళ్లు లేరు. కానీ చేయడానికి ఇంకేమీ లేక జనం మాట్లాడుకునేవాళ్లు.

2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ దాన్నే ఒక వృత్తిగా మార్చింది. యుద్ధంలో అలసట పేరుకుంటుంది, అది పోవాలంటే క్యాంటీనాకి వెళ్లి డ్యాన్సర్ల ఆట చూడాలి, పాట వినాలి. ఆ డ్యాన్సర్లు కూడా మనలాంటి ఆటగాళ్లే. కత్తి పట్టకుండా, ఒక్క రాక్షసుణ్ని చంపకుండా, డ్యాన్స్ చేస్తూ జనంతో కబుర్లు చెప్పడమే కొందరి ఆట. 2005 నవంబరులో పెద్ద అప్‌డేట్ తెచ్చి, ముప్పైకి పైగా ఉన్న వృత్తుల్ని తొమ్మిదికి కుదించారు. జనం భగ్గుమన్నారు. 2011 డిసెంబరులో ఆటే మూతపడింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకో దారి పట్టింది. 2009 డిసెంబరులో డన్‌జన్ ఫైండర్ వచ్చింది. బటన్ నొక్కితే వేరే వేరే సర్వర్ల నుంచి నలుగుర్ని జతచేసి నేరుగా లోపల పడేస్తుంది. ఎంత హాయో! నేనూ వాడా, తెగ వాడా. ఒక వారంలో ఎంతమందితో కలిసి ఆడానో లెక్క లేదు, ఒక్కరి పేరు గుర్తులేదు. ఆ ఆటలోనే నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది, అది కూడా చెప్పాలి. రెండు పక్షాల భాషలు ఒకరివి ఒకరికి అర్థం కావు. హోర్డ్ వైపు వాళ్లు లోల్ అని నవ్వితే అలయన్స్ వాళ్లకి కెక్ అని కనిపిస్తుంది. శత్రువుతో మాట్లాడాలంటే చేతులూపడం, వంగి దండం పెట్టడం, డ్యాన్స్ చేయడం, ఇవే దిక్కు. ఆ ఆటలో నాకు దొరికిన మంచి రోల్‌ప్లే సగం ఆ మూగసైగల్లోనే దొరికింది.

రిచర్డ్ బార్టిల్ పేరు విని ఉంటారు. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే టెక్స్ట్ ఆటని కలిసి కట్టి, తర్వాత తనే నడిపించిన మనిషి. 1996లో ఆయన ఆటగాళ్లని పేకముక్కల్లా నాలుగు రంగులుగా విడదీశాడు. డైమన్ వాళ్లు సాధించేవాళ్లు, ఇస్పేటు తవ్వి చూసేవాళ్లు, ఆఠీన్ మనుషులతో కలిసేవాళ్లు, కళావరు పక్కవాణ్ని చావబాదేవాళ్లు. రోల్‌ప్లేయర్లని ఆయన ఆఠీన్‌లో కలిపేశాడు. నాకు పూర్తిగా నచ్చలేదు. నేను బయట జనంలో కలిసే మనిషిని కాను. ఫోన్ మోగితే కట్టయ్యేదాకా చూస్తూ ఉండే రకం. బార్విక్ మాత్రం దారిన పోయేవాణ్ని ఆపి మరీ మాట్లాడతాడు.

మైనస్‌లు. చాలా ఉన్నాయి. కెమెరాతో కుస్తీ పట్టాలి. ముఖాల్లో కదలిక లేదు, కాబట్టి ఏడుపూ నవ్వూ అన్నీ రాసి చూపించుకోవాలి. మీరు ఆన్‌లైన్‌లో ఉండే టైమ్‌కి సర్వర్‌లో ఇద్దరే ఉండొచ్చు, ఆ ఇద్దరూ గుహలో రాక్షసుల్ని కొట్టుకుంటూ ఉండొచ్చు. సత్రంలో ఒక్కరే కూర్చుని అరగంట చూసి లాగౌట్ అయిన రోజులు నాకు బోలెడు.

అంతకంటే పెద్ద బాధ మనుషులతో. నేను ఏడాదిన్నర ఆడిన ఒక సర్వర్‌లో నడిపేవాళ్ల దోస్తులకే కథలన్నీ దక్కేవి. పట్టాభిషేకం వాళ్లకి, శాపం వాళ్లకి, ప్రేమ వాళ్లకి. మిగతా వాళ్లం చప్పట్లు కొట్టే జనం. పేరు చెప్పను, అడగొద్దు. ఒకరోజు పొద్దున చూస్తే లిస్టులో ఆ సర్వర్ లేదు. ముందు ఒక్క మాటైనా చెప్పలేదు. క్యారెక్టర్లు ఆ సర్వర్‌లోనే సేవ్ అవుతాయి కాబట్టి వాటితో పాటే పోయాయి. అందుకే ఇప్పుడు నచ్చిన రాత్రుల చాట్ లాగ్ కాపీ చేసి దాచుకుంటున్నా. ఇందాక మీకు చెప్పిన నాలుగు లైన్లు అలా దాచుకున్నవే.

మెటాగేమింగ్ గురించి కూడా ఒక మాట. బయట తెలిసిన విషయాన్ని క్యారెక్టర్‌కి తెలిసినట్టు ఆడటం. అందరం తప్పంటాం, అందరం చేస్తాం. ఫలానా బిచ్చగాడు నిజానికి గూఢచారి అని నాకు విడిగా ఎవరో చెప్పారు. ఆ తర్వాత బార్విక్ ఆ బిచ్చగాడికి డబ్బులు వేయడం మానేశాడు. నేను కావాలని చేయలేదు, చెయ్యి రాలేదంతే. ఆ బిచ్చగాడు ఆడే అతను వెంటనే పట్టేశాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరి జీటీఏ ఫైవ్‌లో ఆటగాళ్లే సొంతంగా నడుపుకునే ఫైవ్‌ఎమ్ సర్వర్ల సంగతేంటి, అక్కడ రోల్‌ప్లే అదిరిపోతుంది కదా అని కామెంట్లలో అడుగుతున్నారు. నిజమే, జనం అక్కడే ఉన్నారు. ఆ ఫైవ్‌ఎమ్ టీమ్‌ని 2023లో జీటీఏ చేసిన రాక్‌స్టారే తనలో కలుపుకుంది. కానీ అక్కడ మైక్‌లో మాట్లాడాలి. పోలీసు కారు ఆపి అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. నాకు టెన్షన్. పైగా నా గొంతుతో డెబ్బై ఏళ్ల ముసలాణ్ని ఆడితే నాకే నవ్వొస్తుంది. టైప్ చేసేటప్పుడు రాసి, చెరిపి, మళ్లీ రాసే వీలుంటుంది. ఆ రాత్రి సారీ అనే మాటని నేను చెరపగలిగింది టైపింగ్ కాబట్టే. గొంతు దాటిన మాటని ఏం చేస్తాం?

కొనాలా వద్దా? ఒంటరిగా కథ ఆడుకోవడానికైతే ఇంతకంటే మంచివి చాలా ఉన్నాయి, వద్దు. మీకు రాయడం ఇష్టమై, ఎదుటివాళ్లు రాసేదాకా ఆగగలిగితే తీసుకోండి. డిస్కౌంట్‌లో తరచుగా వస్తుంది, అప్పటిదాకా ఆగినా ఫర్వాలేదు. లోపలికి వెళ్లాక రెండు పేజీల బ్యాక్‌స్టోరీ రాయకండి, నాలుగు లైన్లు చాలు. పేరు టైప్ చేయడానికి తేలిగ్గా ఉండేది పెట్టుకోండి, పదిహేను అక్షరాల పేరుతో ఎవరూ పిలవరు. టాక్‌కీ టెల్‌కీ తేడా ముందే చూసుకోండి, లేదా చూసుకోకండి, మీ ఇష్టం. అన్నిటికంటే ముందు సెట్టింగ్స్‌లో యూఐ స్కేల్ పెంచుకోండి. ఇప్పటి స్క్రీన్ల మీద ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, పక్కవాళ్లు రాసింది చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తుంది.