మధుమేహ ఎలుకలపై మొక్కల మందులు: రాజమహేంద్రవరం స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. మధుమేహం కలిగించిన ఎలుకలపై మొక్కల పదార్థాలను ఎలా పరీక్షిస్తారు, ఆ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈనాటి చర్చ. కడియం నుంచి వచ్చిన నర్సరీ రైతు గారితో మొదలుపెడదాం.

నర్సరీ రైతు: ఇన్సులిన్ మొక్క ఉందా, పొడపత్రి ఉందా అని అడిగేవారు మా దగ్గరకు తరచుగా వస్తుంటారండి. ఎలుకల మీద పనిచేసిందని పేపర్లో చదివామంటారు. ఆ మాట మీద మొక్కను మందుగా అమ్మవచ్చా అన్నదే నా సందేహం.

ఫార్మకాలజీ ఆచార్యురాలు: ముందు ఆ ఎలుకకు మధుమేహం ఎలా వచ్చిందో చూడాలండి. రాత్రంతా మేత ఆపిన ఎలుకకు, చల్లని సిట్రేట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపిన స్ట్రెప్టోజోటోసిన్‌ను సూదితో ఎక్కిస్తారు. నిర్మాణంలో గ్లూకోజును పోలిన ఈ పదార్థం గ్లట్-2 అనే వాహకం ద్వారా క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి చేరి, వాటి డీఎన్ఏను దెబ్బతీసి చంపుతుంది. చచ్చిన కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కనుక మొదటి రాత్రి గ్లూకోజు నీళ్లు పెడతారు. 72 గంటల తరువాత, పరగడుపు చక్కెర డెసిలీటరుకు 250 మిల్లీగ్రాములు దాటిన ఎలుకలనే చాలా ప్రయోగాల్లో ఎంచుకుంటారు.

అందుచేత ఏ పరిశోధనపత్రం చేతికొచ్చినా నేను మొదట వెతికేది, మొక్క పదార్థాన్ని ఎప్పుడు ఇచ్చారన్నది. స్ట్రెప్టోజోటోసిన్‌కు ముందే ఇచ్చి ఉంటే, ఆ విషం నుంచి కణాలను కాపాడిందని మాత్రమే తేలుతుంది. అప్పటికే ఉన్న మధుమేహాన్ని తగ్గిస్తుందని తేలదు.

మధుమేహ వైద్యుడు: నేను కోనసీమలో చూసే రోగుల్లో ఎక్కువమందిది టైప్-2. వారిలో ఇన్సులిన్ ఉన్నా ఒంటికి పట్టదు. స్ట్రెప్టోజోటోసిన్ ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకది, ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్-1ను పోలిన స్థితి. కొన్ని వారాలు కొవ్వు మేత పెట్టి, ఆపైన తక్కువ మోతాదు ఇచ్చిన ఎలుకే మా రోగులకు కాస్త దగ్గర.

వ్యాఖ్యాత: పోల్చడానికి తెలిసిన మందు కూడా ఇస్తారు కదా?

ఆచార్యురాలు: తరచుగా గ్లిబెన్‌క్లమైడ్ ఇస్తారు. అది బతికి ఉన్న బీటా కణాల చేతనే ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది కనుక, కణాలన్నీ నశించాయని రాస్తూనే ఆ మందు బాగా పనిచేసిందని రాస్తే రెండు మాటలూ పొసగవు. రోజూ మేత కూడా తూచాలి. చేదు కషాయం పట్టిన ఎలుక తిండి తగ్గిస్తే చక్కెర అందువల్లే తగ్గి ఉండవచ్చు. జంతు ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘం అనుమతితో మన బాధ్యత తీరిపోదు. ఇంతమాత్రం చూసుకోని ప్రయోగంలో ఆ ప్రాణులు వృథాగా పోయినట్లే.

రైతు: మావైపు నేరేడు కూడా వాడతారండి.

వైద్యుడు: నేరేడు ఆకుల టీని బ్రెజిల్ పరిశోధకులు మధుమేహ రోగులకే ఇచ్చి, గ్లిబెన్‌క్లమైడ్‌తో పోల్చి 2006లో ఫలితాలు ప్రచురించారు. మందు వాడినవారికి పరగడుపు చక్కెర తగ్గింది, టీ తాగినవారికి తగ్గలేదు. అది ఆకుల పరీక్ష, గింజలది కాదు. మొక్కలను నేను కొట్టిపారేయను. మెట్‌ఫార్మిన్‌కు మూలం గలేగా అనే మొక్కలోని గ్వానిడిన్ జాతి పదార్థాలే. అయినా 1957లో ఫ్రాన్సులో ఝాన్ స్టెర్న్ మనుషులపై ఫలితాలు ప్రచురించిన తరువాతే అది మధుమేహ మందుగా నిలబడింది.

రైతు గారూ, మీరు మొక్కను మొక్కగానే అమ్మండి. కొనేవారు మాత్రలు మానవద్దని, ఆకు తింటున్న సంగతి వైద్యుడికి దాచవద్దని చెప్పండి. మాత్రలకు తోడు ఆకు కూడా నిజంగా పనిచేస్తే చక్కెర మరీ పడిపోయి, మనిషి స్పృహ తప్పవచ్చు.