ఇంజను పెడితే తూము మూసేస్తాడు: టెస్టోస్టెరాన్ గురించి కాలువ గట్టు మీద నుంచి

[పాలకొల్లు పక్కన కాలువ గట్టు. పొద్దున్న ఏడు. వెనక తూము కనపడేలా కెమెరా.]

నమస్తే అండీ. స్టూడియో వదిలేసి గట్టు మీదకి ఎందుకొచ్చానో కాసేపట్లో తెలుస్తుంది. ముందు మా బావ సంగతి చెప్పాలి.

మేనత్త కొడుకు. 44 ఏళ్ళు, రెండెకరాల రొయ్యల చెరువు, దానికి తగ్గ పొట్ట. పోయిన నెల ఫోన్ చేసి "ఒరేయ్, నా పని అయిపోయిందిరా" అన్నాడు. గుండె నొప్పేమో అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీరా చూస్తే టెస్టోస్టెరాన్ తక్కువట, 248. ఫోన్లో ఎవడో "నలభై దాటిన మగాడా, నువ్వు ఇక మగాడివేనా" అని అరిచే వీడియో చూసి, సొంతంగా ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చొచ్చాడు.

"ఎన్నింటికి ఇచ్చావు బావా?"

"సాయంత్రం ఐదింటికి."

"ముందు రాత్రి పడుకున్నావా?"

"ఎక్కడరా, ఏరేటరు ఆగిపోతే నాలుగింటిదాకా చెరువు దగ్గరే."

"మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"పెళ్ళి భోజనం."

అదండీ పరిస్థితి. సాయంత్రం, నిద్ర లేకుండా, పెళ్ళి భోజనం తిని చేయించుకున్న టెస్టు. దాని మీద జిమ్‌లో ఒకాయన సలహా: "వారానికో ఇంజెక్షన్ పొడిపించుకో అన్నా, సెట్ అయిపోద్ది."

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. టెస్టోస్టెరాన్ అంటే మగ హార్మోను, గడ్డం, కండలు, గొంతు... ఇవన్నీ మీకు తెలుసు, వదిలేద్దాం. ఒంట్లో అది ఎంత ఉండాలో లెక్క చూసేది ఎవరన్నది మాత్రం ఎవడూ చెప్పడు. అది తెలియకుండా ఇంజెక్షన్ జోలికి వెళ్ళకూడదు.

[కెమెరా తూము వైపు తిరుగుతుంది.]

ఇదిగో, ఈ తూము చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి విజ్జేశ్వరం వైపుగా మన పశ్చిమ డెల్టాకి నీళ్ళు వస్తాయి. పైన కూర్చున్న ఇంజనీరు వంతుల వారీగా వదులుతాడు. మన ఒంట్లో ఆ ఇంజనీరు మెదడులో ఉండే హైపోథాలమస్. అదీ అంతే, ధారగా కాకుండా విడతలు విడతలుగా కబురు పంపుతుంది. కింద తూము దగ్గర లస్కరు ఉంటాడు చూశారా, అతను దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి. పైనుంచి కబురు రాగానే తూము ఎత్తమని హుకుం ఇస్తాడు. ఆ హుకుం ఎల్‌హెచ్ అనే హార్మోను. ఇక తూము అంటే వృషణాలు. సిగ్గుపడకండి, ఆ మాట అనడానికి సిగ్గుపడే కదా ఇంతదూరం తెచ్చుకున్నాం. తూములోంచి చేలోకి పారే నీళ్ళే టెస్టోస్టెరాన్. చేను మన ఒళ్ళు.

అసలు కిటుకు లస్కరు దగ్గర ఉంది. అతను రోజూ చేలోకి తొంగి చూస్తాడు. నీళ్ళు తక్కువుంటే ఇంకో జానెడు ఎత్తిస్తాడు. నిండుగా ఉంటే దించేస్తాడు. ఈ చూపు పగలూ రాత్రీ ఆగదు.

ఇప్పుడు మీరు లస్కరుకి చెప్పకుండా డ్రెయిన్ మీద ఆయిల్ ఇంజను పెట్టి చేలోకి నీళ్ళు తోడారనుకోండి. చేను కళకళలాడుతుంది. నాలుగు రోజులు మీరూ హుషారుగా ఉంటారు. లస్కరు వచ్చి చూస్తాడు. ఇంజను అతనికి కనపడదు, నీళ్ళే కనపడతాయి. "ఓహో, ఇక్కడ నిండుగా ఉంది" అని తూము పూర్తిగా మూసేసి పోతాడు.

ఇంజెక్షన్ ఆ ఇంజనే. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే ఎల్‌హెచ్ దాదాపు సున్నాకి పడిపోతుంది. నెలల తరబడి మూసిన తూముకి ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు: పూడిక, తుప్పు, ముందర అంతా గుర్రపుడెక్క. వృషణాలు నిజంగానే చిన్నవైపోతాయి. ఒకరోజు డీజిల్ అయిపోయి ఇంజను ఆగుతుంది. లస్కరు పరిగెత్తుకొచ్చి తూము ఎత్తబోతే అది రాదు. అంతకుముందు అంతో ఇంతో పారిన చేను అప్పుడు పూర్తిగా ఎండుతుంది.

ఇంకో విషయం చెప్పాలి, ఇది పెళ్ళికావలసిన కుర్రాళ్ళు వినాలి. తూము కింద మడుగు ఉంటుంది కదా, చిన్నప్పుడు మనం చేపపిల్లలు పట్టింది అందులోనే. అక్కడ నీళ్ళు చేలో కంటే బాగా లోతు. వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే కొన్ని పదుల రెట్లు ఎక్కువ ఉంటుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే ఆ లోతు కావాలి. ఇంజను చేను నింపుతుంది గాని మడుగు నింపదు. చేను నిండుగా ఉంటుంది, మడుగులో చేపపిల్లలు చచ్చిపోతాయి. ఎంత గట్టి సంగతంటే, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ని మగవాళ్ళ గర్భనిరోధకంగా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరిశోధనలు చేయించింది.

నేను వెళ్ళే జిమ్‌లో ఒక అబ్బాయి, 29 ఏళ్ళు. సంక్రాంతికి అత్తారింట్లో కండలు చూపించాలని రెండేళ్ళు పొడిపించుకున్నాడు. కండలు వచ్చాయి, అబద్ధం చెప్పను. తర్వాత పిల్లల కోసం డాక్టరు దగ్గరికి వెళ్తే వీర్యకణాల కౌంటు సున్నా. వాళ్ళావిడకి అన్ని టెస్టులూ అయిపోయాక గాని ఇతను నోరు విప్పలేదు, అది నాకు ఇప్పటికీ కోపం. ఆపేశాక ఏడాది మీద రెండు నెలలకి కౌంటు కనపడింది. చాలామందికి ఆర్నెల్ల నుంచి ఏడాదిలో తిరిగొస్తుంది, కొందరికి రెండేళ్ళు పడుతుంది. కండల కోసం స్టెరాయిడ్లు బాగా వాడినవాళ్ళకి ఇంకా ఎక్కువే.

ఈ పిచ్చి కొత్తదేం కాదు లెండి. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అని పెద్ద శాస్త్రవేత్త, 72 ఏళ్ళ వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసం తనకి తనే పొడుచుకుని "నాకు కుర్రతనం వచ్చేసింది" అని సభలో చెప్పాడు. నీళ్ళలో తీసిన ఆ రసంలో హార్మోను ఉండేదే లేదు. అంతా నమ్మకం. అసలు టెస్టోస్టెరాన్ని విడదీసింది 1935లో. ఆయన రసానికీ ఇప్పుడు ఫోన్లో అమ్మే డబ్బాలకీ నాకైతే పెద్ద తేడా కనపడదు.

సరే, మళ్ళీ తూము దగ్గరికి వద్దాం. వయసుతో తూము పాతబడదా? పడుతుంది. ముప్పై, నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. నలభయ్యో పుట్టినరోజున గేటు ఢామ్మని పడిపోదు. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ళ మగాళ్ళు మూడు వేల మందికి పైగా పరీక్షించి 2010లో లెక్క చెప్పారు: కోరిక తగ్గడం లాంటి లక్షణాలూ ఉండి, రక్తంలోనూ నిజంగా తక్కువున్నవాళ్ళు మొత్తం మీద 2.1 శాతం. నలభైల్లో ఉన్నవాళ్ళలో 0.1 శాతం. అంటే మా బావ వయసువాళ్ళు వెయ్యిమందిలో ఒకడు. ఆ ఒక్కడూ మా బావేనా?

మరి మిగతావాళ్ళకి నంబరు ఎందుకు పడుతోందీ అంటే, చేను గట్టు పక్కన చేపల చెరువు తవ్వుకున్నాం కాబట్టి. పొట్ట అండీ పొట్ట. కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది టెస్టోస్టెరాన్ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను కింద మార్చేస్తుంది. చేలోకి రావాల్సిన నీళ్ళని చెరువు లాగేసుకుంటోంది. లస్కరేమో ఆ చెరువు నీళ్ళు కూడా లెక్కేసి "నీళ్ళకేం లోటు లేదే" అని తూము ఇంకాస్త దించుతాడు. రెండు వైపులా దెబ్బ. (మా బావ ఇది వింటే "చెరువుల వాళ్ళనే అంటావేరా" అని తిడతాడు. అననీ.) నడుం చుట్టుకొలత మన మగాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు, మనం ప్యాంటు పొట్ట కిందకి కడతాం. టేపు బొడ్డు మీద పెట్టి చూడండి.

రెండోది నిద్ర. చెరువుల వాళ్ళకి ఇది చెప్తే వెంటనే ఎక్కుతుంది. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుక్కి పడుతుంది, అందుకే ఆ టైములో టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతాం. మగాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ సరిగ్గా అదే టైముకి పైకి లేస్తుంది, నిద్రలో ఉంటేనే. రొయ్యని బతికించడానికి మనం లేచి కూర్చుంటున్నాం. 2011లో చికాగోలో కుర్రాళ్ళని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. కుర్రాళ్ళకే! ఏడాదికి ఒక శాతం అనుకున్నాం కదా, పదేళ్ళ వయసు వారంలో మీద పడ్డట్టు. గురక పెట్టేవాళ్ళు, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళు డాక్టరుకి చూపించుకోండి, అది వేరే జబ్బు.

[బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది అని కెమెరా వెనక నుంచి గొంతు.]

అయ్యో, బ్యాటరీ. ఇంకా వ్యాయామం మొదలే పెట్టలేదు. త్వరగా చెప్పేస్తాను.

బరువులు ఎత్తితే టెస్టోస్టెరాన్ పెరుగుతుందంటారు. పెరిగేది కాసేపే, మళ్ళీ మామూలే. బరువులు ఎత్తాల్సింది కండ కోసం, బలం కోసం. అరవైల్లో మొదలుపెట్టినా కండ వస్తుంది, నంబరు కదలకపోయినా వస్తుంది. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయలు ఒలిచే ఒక పెద్దాయన్ని చూశాను, అరవై దాటేశాయి. నేలలో పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి, ఒక విరుపు, రెండో విరుపు, మూడోదానికి డొక్క అటు, కాయ ఇటు. ముంజేతి మీద నరాలు తాళ్ళలా ఉన్నాయి. ఆయన జన్మలో ఈ టెస్టు చేయించుకోలేదు. మనకి ఆ పని లేదు కాబట్టి వారానికి రెండు రోజులు గుంజీలు, దండీలు, ఏదో ఒక బరువు. రోజూ అరగంట చురుగ్గా నడక. కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి, రెండు గుడ్లో, చేప ముక్కో, పప్పో పెంచండి. మందు తాగడం తగ్గించండి, అది తూముని నేరుగా పాడుచేస్తుంది.

టెస్టు: ఉదయం 7 నుంచి 10 లోపు, పరగడుపున, బాగా పడుకున్న రాత్రి తర్వాత, జ్వరం లేనప్పుడు. ముప్పై నలభై ఏళ్ళ వాళ్ళకి పొద్దున్నకీ సాయంత్రానికీ పావు వంతు దాకా తేడా వస్తుంది. తిన్నాక ఇంకా పడుతుంది. తక్కువొస్తే ఇంకో రోజు మళ్ళీ చేయించాలి. ఎక్కువమంది డాక్టర్లు డెసీలీటరుకి 300 నానోగ్రాముల దగ్గర గీత గీస్తారు. రక్తంలో టెస్టోస్టెరాన్ని పట్టుకుని మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీను లావుగా ఉన్నవాళ్ళకి తక్కువుంటుంది, అందుకని మొత్తం నంబరు తక్కువ కనపడ్డా పనికొచ్చే టెస్టోస్టెరాన్ బాగానే ఉండొచ్చు... దీనికి వేరే వీడియో చేస్తాను.

ఉత్త నీరసానికి టెస్టోస్టెరాన్ మీద పడకండి. షుగరు, థైరాయిడ్, రక్తహీనత, బీ12, దిగులు ముందు చూడండి. అంగస్తంభన సమస్య అయితే గుండె కూడా చూపించుకోండి. అక్కడి రక్తనాళాలు సన్నవి, గుండె కంటే ముందు అవే చెప్తాయి.

రెండుసార్లూ నిజంగా తక్కువొస్తే? అప్పుడు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు. లస్కరు పడుకున్నాడా, తూమే పాడైందా అని ఎల్‌హెచ్ చూసి చెప్తారు. లస్కరు దగ్గర చిన్న గడ్డ ఉండొచ్చు, కుర్రతనంలో వచ్చిన గవదబిళ్ళలు తూముని దెబ్బతీసి ఉండొచ్చు. అలాంటివాళ్ళకి ఇంజెక్షన్ అవసరమే, నేను దానికి వ్యతిరేకిని కాదు. టెస్టోస్టెరాన్ తక్కువున్న ఐదు వేల మంది మీద 2023లో వచ్చిన అధ్యయనంలో గుండెపోట్లు పెరగలేదు, కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువ కనపడ్డాయి. రక్తం చిక్కబడుతుంది, అందుకే మధ్యమధ్యలో పరీక్షలు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ మాట ముందే చెప్పండి, వాళ్ళకి వేరే మందులున్నాయి.

బావ సంగతి చెప్పి ఆపేస్తా. వాళ్ళ తమ్ముణ్ణి చెరువు దగ్గర పడుకోబెట్టి మూడు రాత్రులు ఇంట్లో పడుకున్నాడు. పొద్దున్న ఎనిమిదింటికి, కాఫీ కూడా తాగకుండా రక్తం ఇచ్చాడు. 361. ఇంజను మాట ఎత్తట్లేదు. పొట్ట మాత్రం అలాగే ఉంది. ఇదిగో, తనే ఫోన్ చేస్తున్నాడు... రాత్రి కాపలాకి మనిషి దొరికాడేమో కనుక్కోవాలి. ఉంటానండీ.